ముందు మీసాలు చూడు, తర్వాత పేరు చెప్పు

ఏడు చేపల కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఉండరు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెస్తారు. ఎండబెడితే ఆరు ఎండుతాయి, ఒకటి ఎండదు. ఇక అక్కడి నుంచి గడ్డిమోపు, ఆవు, చివరికి చీమ దాకా అందర్నీ నిలబెట్టి విచారిస్తుంది కథ. కానీ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. అసలు ఆ ఎండని చేప ఏ చేప?

నేనూ పోయిన ఎండాకాలం దాకా అడగలేదు. అప్పటిదాకా నాకు చేపలంటే రెండే రకాలు: ముళ్లు ఎక్కువున్నవి, ముళ్లు తక్కువున్నవి. మాది ఎమ్మిగనూరు. జేజినాయన మగ్గం నేసినాడు, నాన్న ఆదోనిలో పత్తి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాడు. ఇంట్లో చేపలు పట్టినోళ్లు ఎవరూ లేరు. అలాంటి నేను మూడో సంవత్సరం మినీ ప్రాజెక్టుగా ఏం తీసుకున్నానో తెలుసా? ఫొటో తీస్తే చేప పేరు తెలుగులో చెప్పే యాప్.

ఈ వ్యాసం ఆ యాప్ గురించి కాదు. అది చేసిన తప్పు వల్ల నేను నేర్చుకున్న చేపల గురించి. మన ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నీళ్లలో దొరికే చేపల్ని ఎలా గుర్తుపట్టాలో, నాకు చెప్పినవాళ్లు చెప్పిన వరసలోనే చెప్తాను.

96 శాతం

డిసెంబరు, జనవరి ఆదివారాలన్నీ ఆదోని చేపల మార్కెట్లోనే గడిచాయి. ఆరు వందల పైచిలుకు ఫొటోలు తీశాను. పేర్లు అమ్మేవాళ్లను అడిగి రాసుకున్నాను. కొన్నిచోట్ల అడగడానికి మొహమాటపడి, చూడ్డానికి ఒకేలా ఉన్నవాటికి ఒకే పేరు పెట్టేశాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మోడల్‌కు 96 శాతం వచ్చింది. రివ్యూలో చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికెళ్లి ఖాళీ నీలం రంగు టబ్బు ఫొటో తీసి చూపిస్తే "కొర్రమీను" అంది. ఎందుకంటే మార్కెట్లో కొర్రమీను ఒక్కటే బతికుండగా టబ్బుల్లో పెట్టి అమ్ముతారు. రోహు, బొచ్చె కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి. నా మోడల్ చేపను చూడలేదు, టబ్బును చూసింది.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని తర్వాత తెలిసి కొంచెం ఊరట పడ్డాను. మనమందరం ల్యాబుల్లో వాడే ఇమేజ్‌నెట్‌లో సున్నా నంబరు తరగతి టెంచ్ అనే ఒక యూరప్ చేప. గాలం వేసి పట్టినవాళ్లు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఫొటోలు దిగుతారు. కొన్ని మోడళ్లు దేన్ని చూసి టెంచ్ అంటున్నాయని పరిశోధకులు వెతికితే, చేప కన్నా ముందు మనిషి వేళ్లు బయటపడ్డాయి.

టబ్బు తప్పు నవ్వుకునేది. రెండో తప్పు అలాంటిది కాదు.

గుంతలో

ఎండాకాలంలో తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు ఆపేస్తారు. తూముల కింద, వంకల్లో గుంతలు మిగులుతాయి. గుంతలుంటే పిల్లలు ఊరుకుంటారా? మా చిన్నాయన కొడుకు, పదో తరగతి రాసి ఖాళీగా ఉన్నాడు, నన్నూ తీసుకుపోయినాడు. మోకాలి లోతు బురద. వాడి గంపలోకి ఒక నల్లటి, జానెడు చేప వచ్చింది. మీసాలు ఉన్నాయి, పొలుసులు లేవు.

"అన్నా, ఇదేం చేప?"

ఫోను పెట్టాను. మార్పు, 94 శాతం. "మార్పేరా, పట్టుకో" అన్నాను.

వాడు తల వెనక గట్టిగా పట్టుకున్నాడు. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అది మార్పు కాదు, ఇంగిలాయి. దాని చెంపల పక్కనున్న రెక్కల్లో చెరొక ముల్లు ఉంటుంది. ఆ ముల్లుకు విషం ఉంటుంది. మనిషిని చంపేంత కాదు గానీ, పెద్దోణ్ని కూడా ఏడిపించేంత. అరచేయి అరగంటలో వాచిపోయింది. పక్క చేన్లో ఉన్న ఒక పెద్దాయన పరిగెత్తుకొచ్చి ఇంటికి తీసుకుపోయి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చేయి పెట్టించినాడు. నొప్పి కొంచెం తగ్గాక డాక్టరు దగ్గరికి పోయినాం. వేడి నీళ్లు పెట్టడం మంచి పనేనని ఆయన కూడా అన్నాడు. ముల్లు ముక్క లోపల ఉందేమో చూసి, ఇంజక్షన్లు ఇచ్చి, కట్టు కట్టినాడు.

కుడిచేయి. మూడు రోజుల్లో పాలీసెట్.

చిన్నాయన నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. రాత్రి భోజనాలయ్యాక ఒక్క మాటే అన్నాడు: "పేరు తెలీకపోతే తెలీదని చెప్పాలప్పా. తెలిసినట్టు చెప్పగూడదు."

ఆ రాత్రి నేను తీసిన ఫొటోలన్నీ మళ్లీ తిరగేశాను. "మార్పు" అని పెట్టిన ఫోల్డర్లో సగం ఇంగిలాయిలే. మోడల్ తప్పు చెప్పలేదు. నేను నేర్పిందే చెప్పింది.

పెద్దమ్మ అడిగిన ప్రశ్న

తర్వాతి ఆదివారం ఆదోని మార్కెట్లో, నేను ఎక్కువ ఫొటోలు తీసిన ఒక పెద్దమ్మ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆమె చేప కోసే కత్తిపీట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"యాడ దొరికినాదో అడక్కుండా పేరెట్ల చెప్తావు నాయనా?"

నాకు అర్థం కాలేదు. మనిషి పేరు తెలియాలంటే ఊరు అడుగుతాం, ఇంటిపేరు అడుగుతాం. చేపకూ అంతే అంది ఆమె. చేప ఏ నీళ్లలో, ఎంత లోతులో, ఏం తిని బతుకుతుందో దాన్నిబట్టే దాని నోరు, మీసాలు, రెక్కలు ఉంటాయి. ఊరు తెలిస్తే ఒళ్లు అర్థమవుతుంది, ఒళ్లు చూస్తే ఊరు తెలుస్తుంది. రంగును మాత్రం నమ్మొద్దంది. బురద నీళ్లలో ఉన్న చేప పాలిపోతుంది, చచ్చిన చేప రంగు పోతుంది, ఐసులో పెట్టిన చేపకు అసలు రంగే ఉండదు.

ఆమె చూపించిన వరసను నేను ఐదు ప్రశ్నలుగా రాసుకున్నాను. తర్వాత మత్స్యశాస్త్రం పుస్తకాలతో సరిచూసుకున్నాను. అన్నీ సరిపోయాయి.

1. నోరు ఎటు చూస్తోంది?

మార్కెట్లో ఎక్కువగా కనపడే మూడు చేపలు బొచ్చె, రోహు, మృగాల. రోహును కోస్తాలో శీలావతి అంటారు. మృగాలను మోసు అని కూడా అంటారు. మూడూ వెండి రంగు పొలుసుల చేపలే. పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకు ముగ్గురు అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ నోళ్లు చూడండి.

బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది. ఎందుకంటే అది నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవుల్ని తింటుంది. రోహు నోరు చిన్నది, కొంచెం కిందికి ఉంటుంది. పెదాలు మందంగా, అంచుకు చీర కుచ్చుల్లాంటి సన్నటి జాలరుతో ఉంటాయి. అది నీటి మధ్య పొరలో మేస్తుంది. మృగాల నోరు ఇంకా కిందికి ఉంటుంది. పెదాలు పల్చన, ఒళ్లు సన్నగా పొడవు. అది అడుగున బురదలో కుళ్లిన ఆకూ అలమూ ఏరుకుంటుంది.

ఒకే చెరువులో ఈ మూడింటినీ కలిపి పెంచడానికి కారణం ఇదే. చెరువు మూడంతస్తుల ఇల్లనుకుంటే ఎవరి అంతస్తు వాళ్లది, ఎవరి తిండి వాళ్లది. నోరు చూస్తే ఏ అంతస్తో తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఈ కుటుంబపు చేపలకు దవడల్లో పళ్లుండవు. గొంతులో ఉంటాయి. రోహు నోట్లో వేలు పెట్టి చూసి "పళ్లు లేవే" అన్న నన్ను చూసి పెద్దమ్మ పడీపడీ నవ్వింది.

2. మీసాలున్నాయా? ఎన్ని?

మీసాలు అలంకారం కాదు. రుచి తెలుసుకునే మొగ్గలు వాటి మీద ఉంటాయి. బురద నీళ్లలో, చీకట్లో, కళ్లు పనిచేయని చోట చేప మీసాలతో తడుముకుంటుంది. కాబట్టి పెద్ద మీసాలు కనిపిస్తే ఆ చేప అడుగున తిరిగేదని సగం తేలినట్టే.

బొచ్చెకు మీసాలుండవు. రోహుకు చిన్న మీసాలు పెదవి మడతలో దాక్కుని ఉంటాయి, వెతికితే గానీ కనపడవు. బంగారు తీగకు రెండు జతలు, స్పష్టంగా కనపడతాయి. రోహుకూ బంగారు తీగకూ తేడా తెలియకపోతే మీసాలు చూడండి. ఇంకా అనుమానం ఉంటే వీపు రెక్క చూడండి: బంగారు తీగకు అది చాలా పొడవు, ముందు భాగంలో రంపంలాంటి ముల్లు ఉంటుంది. గడ్డి చేపకు మీసాలు లేవు, తల వెడల్పు, వీపు రెక్క పొట్టి. వెండి చేపకూ మీసాలు లేవు. దాని పొలుసులు మరీ చిన్నవి, కళ్లు మామూలు చోటు కన్నా కిందికి దిగి ఉంటాయి. ఈ గడ్డి చేప, వెండి చేప మన దేశానికి 1959లో వచ్చాయి.

పొలుసుల్లేకుండా మీసాలున్నవి ఇంకో జట్టు. వాలుగకు రెండు జతలు, అందులో ఒక జత చాలా పొడవు. దాని నోరు చూస్తే మర్చిపోలేం, కంటిని దాటి వెనక్కి పోతుంది. వీపు రెక్క చిన్న ఆకంత, కింద పొట్ట వెనక నుంచి తోక దాకా పొడవాటి రెక్క. లోతు మడుగుల్లో పగలంతా నక్కి, రాత్రి వేటాడే చేప అది. జెల్లకు నాలుగు జతల మీసాలు. వీపు రెక్క వెనక, ముల్లూ ఈనే లేని ఒక మెత్తటి చిన్న రెక్క ఉంటుంది. దాన్ని కొవ్వు రెక్క అంటారు.

మార్పుకు నాలుగు జతలు. ఇంగిలాయికీ నాలుగు జతలే. నేను మోసపోయింది అక్కడే.

3. వీపు రెక్క ఎంత పొడవు?

ఈ ఒక్క ప్రశ్న ఆ రోజు అడిగుంటే తమ్ముడి చేయి వాచేది కాదు. మార్పు వీపు రెక్క తల వెనక మొదలై దాదాపు తోక దాకా పోతుంది. ఇంగిలాయి వీపు రెక్క చిన్న ఆకు ముక్కంత, ముందు భాగంలో ఒక్కచోట మాత్రమే ఉంటుంది. ఆ తర్వాత వీపంతా నున్నగా ఖాళీ. అంతే తేడా. పక్క నుంచి ఒక్కసారి చూస్తే చాలు.

రెండూ గాలి పీల్చగలవు. అందుకే ఎండిపోతున్న గుంతలో చివరి దాకా బతికుండేవి ఇవే. అంటే గుంతలో చేయి పెట్టేముందే మనసులో అనుకోవాలి: ఇక్కడ మిగిలేది గాలి పీల్చే చేప, అందులో ఇంగిలాయి కూడా ఉండొచ్చు. పెద్దమ్మ "యాడ దొరికినాదో" అని అడిగింది ఇందుకే. చోటు తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది.

మార్పులాగే ఉండి మీటరు పైన పెరిగే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఇంకొకటి ఉంది. చిన్న చేపల్ని విపరీతంగా తింటుంది కాబట్టి మన దేశంలో దాన్ని పెంచడం నిషేధం. మార్పు అని చెప్పి మరీ పెద్ద చేపను అమ్ముతుంటే అనుమానించండి.

పాముకు రెక్కలొచ్చినట్టుండే బొమ్మిడాయిని కూడా వీపు చూసే గుర్తుపట్టాలి. దాని వీపు ముందు భాగంలో రెక్క ఉండదు, విడివిడిగా చిన్న ముళ్లు వరసగా ఉంటాయి. మూతి సన్నగా సాగి ఉంటుంది. రాళ్ల సందుల్లో, నాచులో దూరడానికి ఆ ఒళ్లు, ఆ మూతి.

4. పక్క గీత, పొలుసుల లెక్క

చేప పక్కన మొప్ప మూత నుంచి తోక దాకా సన్నటి చుక్కల గీత ఒకటి ఉంటుంది. నీటి కదలికను చేప దానితో తెలుసుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే అది దాని సెన్సర్ అరే.

జిలేబి చేపను, అదే తిలాపియాను, ఈ గీతతోనే పట్టుకోవచ్చు. దానికి గీత మధ్యలో తెగి, రెండు ముక్కలుగా ఉంటుంది: ముందు ముక్క పైన, వెనక ముక్క కింద. 1952లో మన దేశానికి తెచ్చిన చేప ఇది. తల్లి గుడ్లను, పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. అందుకే ఏ మురికి చెరువులో పడినా సంతానం నిలుస్తుంది, మిగతా చేపలకు చోటు తగ్గుతుంది.

గీత మీద పొలుసులు లెక్కపెట్టడం నేర్పింది మాత్రం జేజినాయన. పెద్దమ్మ దగ్గర కొర్రమీను, మట్టగిడస రెండూ కొని తెచ్చాను. రెండింటికీ పాము తల, వీపు మీద పొడవాటి రెక్క. చిన్న కొర్రమీనును, పెద్ద మట్టగిడసను పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం, ధరలో మాత్రం చాలా తేడా. పుస్తకంలో "పార్శ్వ రేఖ మీద పొలుసుల సంఖ్య చూడండి" అని ఉంది. నాకు సగం దూరం పోయేసరికి లెక్క తప్పేది. జేజినాయన బట్టలో పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తెచ్చి, పళ్లెం ముందు కూర్చున్నాడు. అంగుళంలో ఎన్ని పోగులో చూసి నేత నాణ్యం చెప్పిన కళ్లవి. సూది మొనతో ఒక్కో పొలుసు దాటిస్తూ లెక్కపెట్టినాడు. ఒకటి 40 లోపు ఆగింది, ఇంకొకటి 50 దాటింది. 40 లోపుది మట్టగిడస, 50 దాటింది కొర్రమీను.

"బట్టయినా చేపయినా దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటేరా" అన్నాడు.

ఈ జట్టులోనే మూడోది పూమీను. ఇంకా పెద్దగా పెరుగుతుంది, తోక మొదట్లో కన్నులాంటి మచ్చ ఉంటుంది. చిన్నప్పుడు ఆ మచ్చ ఇంకా బాగా కనపడుతుంది.

ఇప్పుడు ఏడు చేపల కథకు వద్దాం. కొర్రమీను గాలి పీల్చకుండా బతకలేదు. నీళ్లలోనే ఉంచి పైకి రానివ్వకపోతే చచ్చిపోతుంది. నీళ్లు ఎండితే బురదలో కూరుకుని వానల కోసం కాచుకుంటుంది. తడి నేల మీద పాకుతూ ఇంకో గుంతకు కూడా పోగలదు. ఒడ్డున వేసినా గంటల తరబడి బతికుంటుంది. రాజుగారి కొడుకులు తెచ్చిన ఏడింటిలో ఎండకుండా మిగిలింది కొర్రమీనే అయ్యుంటుందని నా వాదన. పాపం, చీమను అనవసరంగా నిందించారు.

5. ఎక్కడ దొరికింది?

చివరి ప్రశ్న పెద్దమ్మకు మొదటి ప్రశ్న. మన ప్రాంతంలో నీళ్లు నాలుగు రకాలు.

మొదటిది తుంగభద్ర నది: కోసిగి, మంత్రాలయం, నాగలదిన్నె వైపు. రాళ్లు, ఇసుక, పారే నీళ్లు. వాలుగ, బొమ్మిడాయి, జెల్లలు, నదిలో పుట్టి పెరిగిన కార్ప్ జాతులు ఇక్కడివి. పారే నీళ్లకు ఎదురీదే చేపకు ఒళ్లు కండెలా సన్నగా ఉంటుంది. దక్కను మహసీర్ ఈ ఒంటికి మంచి ఉదాహరణ. పెద్ద పెద్ద పొలుసులు, మందపాటి పెదాలు, రెండు జతల మీసాలు. 1839లో సైక్స్ అనే ఆయన పుణే దగ్గరి నదుల్లో చూసి దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. మన నదికే పై భాగమైన తుంగలో, శృంగేరి మఠం ఘాట్ దగ్గర, ఎవరూ పట్టకుండా కాపాడుతున్న మహసీర్లను ఇప్పటికీ మెట్ల మీద నిలబడి చూడొచ్చు.

రెండోది నిలవ నీళ్లు: హంద్రీ మీద గోనెగండ్ల దగ్గరి గాజులదిన్నె ప్రాజెక్టు, అంటే సంజీవయ్య సాగర్. ఇలాంటి చోట్ల ఎక్కువగా కనపడేవి వదిలి పెంచిన బొచ్చె, రోహు, మృగాల. ఇలా పెంచడం వెనక ఒక తేదీ ఉంది. ఈ చేపలు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వరద నీళ్లు కావాలి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, పిట్యుటరీ గ్రంథి రసం ఇంజక్షన్‌తో వాటి చేత గుడ్లు పెట్టించాడు. చేపపిల్లలు లక్షల్లో దొరకడం ఆ తర్వాతే సాధ్యమైంది. జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నది అందుకే.

మూడోది ఊరి చెరువులు, ఆదోని రాంజల చెరువు లాంటివి. కలుపు మొక్కలు, లోతు తక్కువ నీళ్లు. జిలేబి, మట్టగిడస, చిన్న పరిగెలకు ఇలాంటి నీళ్లు బాగా పడతాయి. కలుపు మధ్య ఎర్రటి చిన్న చేపపిల్లలు బంతిలా గుంపుగా పైకీ కిందికీ కదులుతుంటే, వాటి కింద తల్లో తండ్రో కాపలా ఉన్న కొర్రమీను ఉంటుంది.

నాలుగోది కాలువలు, వాటి గుంతలు. నీళ్లున్నప్పుడు నది చేపలు కొట్టుకొస్తాయి. ఆపేశాక గాలి పీల్చేవే మిగులుతాయి. దీని గురించి మీకు ఇక చెప్పక్కర్లేదు.

పేర్లు ఎవరివి?

మనది సాహిత్య క్లబ్బు కాబట్టి ఒక్క మాట. రోహిటా, కట్లా, మృగాలా అనే శాస్త్రీయ నామాలు 1822లో హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలోవి. అక్కడి జనం పిలుచుకునే పేర్లకే ఆయన లాటిన్ అంగీ తొడిగాడు. అంతకుముందే, 1803లో, పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం తీరంలో సేకరించిన 200 చేపల మీద పుస్తకం వేశాడు. జాలర్లు చెప్పిన తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో అందులో రాసుకున్నాడు. వాలుగకు ఇవాళ ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం వల్లాగో. మన వాలుగే అది.

అంటే గ్రంథాల్లోకి ఎక్కిన పేర్లు కూడా మొదట ఎవరో ఒక పెద్దమ్మ నోట్లోవే. ఫొటోకు పేరు పెట్టేముందు అడగడానికి మొహమాటపడిన నాకు ఈ సంగతి బాగా తగిలింది.

మళ్లీ యాప్ దగ్గరికి

ప్రాజెక్టు ఆపేద్దామనుకున్నాను. గైడ్ సార్ ఒప్పుకోలేదు, సరిచేయమన్నారు. మూడు పనులు చేశాను.

మొదటిది, ప్రతి ఫొటోకూ పేరుతో పాటు చోటు రాశాను. ఒకే రోజు ఒకే గంపలో తీసినవి ట్రైనింగ్‌లోకీ టెస్టింగ్‌లోకీ సగం సగం పోకుండా చూసుకున్నాను. రెండోది, ఫొటో తీయకముందే యాప్ రెండు ప్రశ్నలు అడుగుతుంది: ఎక్కడ దొరికింది, మీసాలు ఎన్ని జతలు. మూడోది చిన్నాయన మాట. మనం వాడే సాఫ్ట్‌మాక్స్‌కు "తెలీదు" అనడం రాదు. ఏం చూపించినా, టబ్బు చూపించినా, ఉన్న పేర్లకే నూరు శాతం పంచేస్తుంది. అందుకే నమ్మకం తక్కువైతే "తెలీదు, పెద్దవాళ్లను అడగండి" అని చెప్పేలా మార్చాను. పొలుసుల్లేని ఏ చేపకైనా పేరు కన్నా ముందు "చేత్తో పట్టుకోవద్దు" అని వస్తుంది.

ఇప్పుడు 81 శాతమే వస్తోంది. రెండో రివ్యూలో చప్పట్లు పడలేదు. కానీ ఆ 81ని నేను నమ్ముతున్నాను.

తమ్ముడు కట్టు కట్టిన చేత్తోనే, బొటనవేలు, చూపుడువేలు మధ్య పెన్ను ఇరికించుకుని పాలీసెట్ బబుల్స్ నింపినాడు. సీటు వచ్చింది. రాకపోయుంటే ఈ వ్యాసం రాసే ధైర్యం నాకుండేది కాదు.

మొన్న దసరా సెలవులకు ఇంటికి పోతే బకెట్లో ఏదో చేప తెచ్చి నా ముందు పెట్టినాడు. జేబులో ఫోను వైపు నా చేయి పోయింది గానీ ఆగాను. వంగి చూస్తున్నాను. వాడు పుల్లతో చేపను మెల్లగా పక్కకు తిప్పి, నాకన్నా ముందే మొదలుపెట్టినాడు.

"మీసాలు నాలుగు జతలు. పొలుసుల్లేవు. వీపు రెక్క పొట్టిది, దాని వెనక కొవ్వు రెక్క ఉంది. కాలువలో పారే నీళ్లలో దొరికింది. జెల్ల కదన్నా?"

"జెల్లే" అన్నాను. "ముల్లుంటుంది, జాగ్రత్త."

"తెలుసులే" అని నవ్వినాడు.